జానెడు బొమ్మ, బారెడు గుడ్డ

"దగ్గర కావాలా సార్, దూరం కావాలా?" అని అడిగింది కంటి డాక్టరమ్మ.

అంగట్లో చీర రంగు అడిగినట్టు అడిగేసరికి నాకు కాసేపు నోట మాట రాలేదు. ఎడమ కంటికి పోయినేడే శుక్లం తీసి లెన్సు పెట్టారు. అప్పుడు నేను ఆలోచించకుండా, "వచ్చే బస్సు బోర్డు కనపడితే చాలు తల్లీ" అనేశాను. ఇప్పుడు కుడి కన్ను వంతు. పుట్టుకతో వచ్చిన లెన్సు దగ్గరికీ దూరానికీ తనే సర్దుకుంటుందట. మనం పెట్టించుకునే మామూలు లెన్సు సర్దుకోదు. ఏ దూరానికి కుదిరితే ఆ దూరానికే. "రెండోది దగ్గరికి పెట్టించుకుంటే చదువుకు అద్దాలు పెద్దగా అక్కర్లేదు. రెండూ దూరానికే అయితే చూపు సమంగా ఉంటుంది, పేపరు చదవాలంటే మాత్రం అద్దాలు తప్పవు. మీ ఇష్టం" అంది.

వారం గడువు అడిగి ఇంటికొచ్చాను. మా ఇంటామె విని, "పెండ్లికి కూడా ఇంత ఆలోచన చెయ్యలేదే మీరు" అంది.

చెయ్యలేదు, నిజమే. కానీ ఈ ప్రశ్న నన్ను ఇదివరకే ఒకసారి అడిగారు. అడిగింది మనిషి కాదు, ఒక బొమ్మ.

1986లో డిపార్టుమెంటు పరీక్షలు రాయడానికి హైదరాబాదు పోయాను. పరీక్షకూ పరీక్షకూ మధ్య ఒక రోజు ఖాళీ దొరికితే అందరిలాగే సాలార్‌జంగ్ మ్యూజియం చూడబోయాను. గంట కొట్టే గడియారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ రద్దీ పడలేక పక్క గదిలోకి దూరితే, అద్దం కింద జానెడు కూడా లేని ఒక కాగితం. దక్కనీ బొమ్మ. ఎవరో దొర మేడ మీద కూర్చుని ఉన్నాడు. నడుముకు జరీ పటకా, పటకా అంచున పూల వరస. ఒక్కో పువ్వు ఆవగింజలో సగం ఉంటుంది. దాంట్లో మళ్లీ రేకులున్నాయి. రేకులు లెక్కపెడదామని వంగాను. నా ఊపిరికే అద్దం మసకబారింది. తుడిచి మళ్లీ వంగాను. నా వెనక వచ్చినాయన కూడా వంగాడు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. కాపలా మనిషి వచ్చి, అద్దం మీద పడొద్దని ఇద్దరినీ కసిరాడు.

ఆ బొమ్మను ఇద్దరు ఒకేసారి చూడలేరు. చూడాలని వేసిందీ కాదు. పుస్తకంలో ఒక పుట అది. ఒళ్లో పెట్టుకుని, మూరెడు దూరం నుంచి, ఒక్క మనిషి తీరిగ్గా చూసుకోవడానికి వేసిన బొమ్మ. అట్లాంటి ఒంటరితనం, అంత తీరిక ఆ కాలంలో ఎవరికుంటాయి? చక్రవర్తికి ఉంటాయి. మహా అయితే ఆయన కొలువులో పెద్ద ఉమరావుకు ఉంటాయి. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఈ సంగతి వింతగా తోచింది. మా ఊళ్లో దేన్నయినా చూడటమంటే వెయ్యి తలకాయల మీదుగా చూడటమే.

నేను బొమ్మల పండితుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూలో గుమస్తాగా బతికాను. అయినా మొగలు దర్బారుతో నాకు పాత చుట్టరికం ఉంది. మేము అడంగలు రాసేటప్పుడు పైన వేసే సంవత్సరం క్రీస్తు శకం కాదు, శాలివాహన శకమూ కాదు. ఫసలీ. అక్బర్ కాలంలో పంట లెక్క కోసం పుట్టిన ఏడాది అది. మనకు జూలై ఒకటిన మొదలవుతుంది. 2024 జూలైలో మొదలైంది 1434 ఫసలీ. జమాబందీ, దఫ్తరు, తహసీలు, హుజూరు, ఇవన్నీ ఆ దర్బారు భాషలో నుంచి వచ్చి మా బీరువాల్లో సర్దుకున్న మాటలు. అక్బర్ బొమ్మలు చిత్తూరు దాకా రాలేదు గానీ అక్బర్ లెక్కలు వచ్చాయి. వాటితోనే నా జీతం, నా ఇల్లు, ఇప్పుడు నా పింఛను.

అందుకే కాబోలు, మొగలు చిత్రశాలల గురించి చదివినప్పుడల్లా నా కన్ను చిత్రకారుల మీద కంటే వాళ్ల పక్కన కూర్చున్న గుమస్తాల మీదికి పోయేది. అక్బర్ కొలువులోని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాసిన దాని ప్రకారం, దరోగాలూ గుమస్తాలూ కలిసి వారం వారం చిత్రకారుల పనిని చక్రవర్తి ముందు పరిచేవాళ్లు. పనితనాన్ని బట్టి ఆయన ఇనాము ఇచ్చేవాడు, లేదా నెలజీతం పెంచేవాడు. వారం వారం ఇన్‌స్పెక్షన్! మాకు ఏడాదికొక జమాబందీ వస్తేనే నెల ముందు నుంచి నిద్ర ఉండేది కాదు.

ఒక బొమ్మను ఒక్కడే వేయాలని లేదు. గీతలు గీసి ఎక్కడ ఎవరు నిలబడాలో తేల్చేది ఒకరు, రంగు నింపేది ఇంకొకరు, ముఖాలు దిద్దేది మరొకరు. గుమస్తా పుట అడుగున అంచులో చిన్నగా రాసిపెట్టేవాడు: తర్హ్ ఫలానా, అమల్ ఫలానా, చిహ్రా ఫలానా. ఈ మాటలు మొదటిసారి చూసినప్పుడు కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. తర్హ్ అంటే మన తరహా. అమల్ అంటే మన అమలు. "ఉత్తర్వులు అమలు చేసి నివేదిక పంపవలెను" అని ఎన్ని వందల కాగితాల మీద రాశానో! ఆ అమలు ఒకప్పుడు నెమలి మెడకు నీలం పూయడం. ఇవాళ మనకు బసావన్, దస్వంత్, మిస్కీన్, లాల్ లాంటి పేర్లు తెలుసంటే పుట అంచున ఆ పేర్లు రాసిన గుమస్తాల చలవ కూడా ఉంది. ఆ గుమస్తాల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. మా కులానికి ఇది మామూలే.

ఈ పేర్లలో దస్వంత్ దగ్గర నేను ఆగిపోతాను. పల్లకీ మోసే బోయీ కొడుకు. తపన పట్టలేక గోడల మీద బొమ్మలు గీసేవాడట. అక్బర్ కంట పడ్డాడు. ఇరాన్ నుంచి వచ్చిన గురువు అబ్దుస్సమద్ చేతికి అప్పగించాడు చక్రవర్తి. కొద్ది కాలంలోనే అందరినీ మించిపోయాడు. మహాభారతాన్ని రజ్మ్‌నామా పేరుతో పారసీలోకి తెప్పించి బొమ్మలు వేయించినప్పుడు, బతికున్నంత వరకు అందులో ఎన్నో రచనలు అతని తరహావే. 1584లో మతి చలించి తన ప్రాణం తనే తీసుకున్నాడు. అబుల్ ఫజల్ ఈ సంగతిని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాడు. నాకు పోబుద్ధి కాదు. గోడ మీద గీసేవాడు చెయ్యంతా చాచి గీస్తాడు. వాణ్ణి తీసుకొచ్చి, ఉడతతోక వెంట్రుకల కుంచె చేతికిచ్చి, జానెడు కాగితం ముందు కూర్చోబెట్టారు. ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో అని అనుకుంటాను. ఇది చరిత్ర కాదు, నా ఊహ. పింఛనుదారుడికి ఊహలకు పన్ను లేదు.

అక్బర్ కొడుకు జహంగీరు కథ వేరు. బొమ్మ చూడగానే అది ఎవరి పనో చెప్పేస్తానని, ఒకే ముఖంలో కన్ను ఒకరూ కనుబొమ్మ ఒకరూ వేసినా విడదీసి చెప్పగలనని తన స్వీయచరిత్రలో గొప్పగా రాసుకున్నాడు. చాలామంది దీన్ని రాజుల డంబం అంటారు. నేను నమ్ముతాను. పాత దస్తావేజుల్లో 'ళ' సున్నా చుట్టిన తీరు చూసి ఇది ఏ ఊరి కరణం రాతో చెప్పగలిగే పెద్దమనిషి మా ఆఫీసులో ఉండేవాడు. 1984లో కరణాలను తీసేశాక ఆయన విద్య ఎవరికీ పనికి రాకుండా పోయింది. దగ్గరగా, రోజూ, ఏళ్ల తరబడి చూసిన కంటికి చెయ్యి కనబడుతుంది. జహంగీరుకు ఉన్నది అదే, కాకపోతే ఆయన దగ్గర మన్సూర్, అబుల్ హసన్ లాంటి చేతులున్నాయి.

గడువులో మూడో రోజు శ్రీకాళహస్తి పోయాను. తిరుపతి నుంచి 36 కిలోమీటర్లు. దేవుడి కోసమూ పోయాను, గుడ్డల కోసమూ పోయాను. అక్కడ కలంకారీ వేసే ఒక పెద్దామెతో మాకు పదిహేనేళ్ల పరిచయం. వసారాలో చాప మీద గుడ్డ పరుచుకుని కూర్చుని ఉంది. తెల్లగుడ్డ కాదు, లేత పసుపు. బర్రెపాలలో కరక్కాయ కలిపి ముంచి ఆరబెట్టిన గుడ్డ. పాలలోని కొవ్వు వల్ల సిరా పక్కకు పాకదు. ఆ వాసన చెప్పినా అర్థం కాదు, ఒకసారి పీల్చినవాడు మరిచిపోడు. చింతబరికె బొగ్గుతో బొమ్మ ముందే తేల్చి పెట్టింది. ఇప్పుడు కలంతో గీత మీద పోతోంది. ఆ కలం ఒక వెదురు పుల్ల. మొనకు కాస్త పైన గుడ్డపీలిక చుట్టి దారంతో బిగిస్తారు. దాన్ని ముందున్న కుండలో ముంచి, పీలికను వేలితో నొక్కితే గీత సాగుతుంది.

"ఎవరికమ్మా ఇది?" అన్నాను.

"బెంగళూరోళ్లకు అన్నా. యాడ కట్టేదని అడిగితే సరిగ్గా చెప్పరు. కొలత చెప్తారు, ఆరడుగులు నాలుగడుగులు అని. కొలత నాకెందుకు? హాల్లో కడతారా, పడగ్గదిలో కడతారా, మనిషి ఎంత దూరం నుంచి చూస్తాడు, అది చెప్తే కదా గీత ఎంత లావు పెట్టాలో తెలిసేది!"

నేను నవ్వాను. దగ్గర కావాలా దూరం కావాలా అని అడిగినామె రెండో మనిషి.

కలంకారీ అనే పేరు పారసీది. కలం, కారీ, కలంతో చేసే పని. ఇక్కడి పాతవాళ్లు దీన్ని వ్రాతపని అనేవాళ్లు. తెలుగులో ఒకప్పుడు బొమ్మను వేయడం, గీయడం కంటే ఎక్కువగా రాయడమే చేసేవాళ్లు. అటు పారసీ దర్బారులో కూడా కలం అంటే రాసేది మాత్రమే కాదు, బొమ్మల సంప్రదాయమే ఒక కలం. మొగలు కలం, దక్కనీ కలం, కాంగ్డా కలం అంటారు. అబుల్ ఫజల్ రాతనూ బొమ్మనూ ఒకే అధ్యాయంలో చెప్పాడు, రాతను ముందు పెట్టి. రెండు చోట్లా మనుషులు ఒకరినొకరు చూడకుండానే ఒకే సంగతి పట్టుకున్నారు: బొమ్మ కూడా రాతే అని.

శ్రీకాళహస్తిలో అది పోలిక కాదు, నిజంగానే రాత. ఆ పెద్దామె ముందున్న కుండలో ఉన్నది కసిమి. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు పోసి మూతిగట్టి దాదాపు ఇరవై రోజులు మాగనిస్తే తయారవుతుంది. కుండలో అది బూడిద నీళ్లలాగా ఉంటుంది, నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. మా తాత కరక్కాయా అన్నభేదీ కలిపి సిరా కాచుకునేవాడు. అన్నభేదిలో ఉన్నది ఇనుమే. అంటే సిరాలో సగం గుడ్డలో ఉంది, మిగతా సగం కుండలో ఉంది. కలం ఎక్కడ పోతే అక్కడ ఆ రెంటికీ లగ్నం. కలిపిన సిరాతో గీసే గీత కాదు ఇది, గీత పడిన చోటే సిరా పుడుతుంది. ఇన్నేళ్లు చూసి కూడా, మొన్న ఆ వసారాలో కూర్చున్నప్పుడే ఇది నా బుర్రకు తట్టింది.

ఎరుపు ఇంకా చిత్రం. ఎరుపు కావలసిన చోట ముందు పటికనీళ్లు రాస్తారు. అప్పుడక్కడ ఎరుపు జాడే ఉండదు. ఏటి నీళ్లలో ఉతికి, మంజిష్ఠ, చెవిరివేరు వేసిన రాగి కాగులో ఉడకబెడితే పటిక పడిన చోట ఎరుపు తేలుతుంది, పడని చోట అంటుకోదు. కొలువు చిత్రకారుడు పూసిన రంగును పూసిన క్షణమే చూస్తాడు. ఎన్నో పొరలు అతికి, వెనక నుంచి నున్నటి రాయితో రుద్ది నునుపు చేసిన కాగితం అతనిది. నూరిన లాజవర్దం, హింగుళం, బంగారం తుమ్మజిగురులో కలిసి దాని పైన కూర్చుంటాయి. తప్పయితే దిద్దుకుంటాడు. ఇక్కడ రంగు పైన కూర్చోదు, నూలులోకి పోతుంది. పెద్దామె తన ఎరుపును కళ్లతో చూడకుండా వేస్తుంది. రేపు కాగు తెరిచినప్పుడే తెలుస్తుంది. నల్లగీత తప్పితే దానికి దిద్దుబాటు లేదు.

ఈ పని ఒకప్పుడు ఇంచుమించు ఆగిపోయింది. 1950ల చివర్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్పడానికి మిగిలిన చేతుల్లో జొన్నలగడ్డ లక్ష్మయ్యగారిది ముఖ్యమైనది. ఆయన కొడుకు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఊళ్లో ఈ పని చేసే చేతుల్లో ఆడవాళ్లవే ఎక్కువ కనబడతాయి. దేవుడి వెనక కట్టే తెర, పైన కట్టే చాందినీ, రథానికి కట్టే గుడ్డ, ఇవి అసలు పనులు. నడుమ పెద్ద బొమ్మ, పట్టాభిషేకమో గీతోపదేశమో. చుట్టూ గళ్లు గళ్లుగా కథ. గడి పైనో కిందో తెలుగులో ఒక వరస రాత. కథ తెలిసినవాడు కర్ర పుచ్చుకుని చూపిస్తూ చెబితే, చదువు రానివాడు బొమ్మ చూస్తాడు, వచ్చినవాడు వరస చదువుతాడు. కృష్ణుడు నీలం, హనుమంతుడు ఆకుపచ్చ, రాక్షసుడు ఎరుపు. ఎంత వెనక నిలబడ్డా ఎవరు ఎవరో తెలియాలి కదా.

ఇంతవరకు నాకు లెక్క సరిపోయింది: జానెడు బొమ్మ రాజుకు, బారెడు గుడ్డ జనానికి. అక్కడితో ఆగి ఉంటే వ్యాసం కూడా చిన్నదయ్యేది. హమ్జానామా చెడగొట్టింది.

హుమాయూను ఇరాన్ కొలువు నుంచి మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ అనే ఇద్దరు ఉద్దండులను వెంటబెట్టుకు వచ్చాడు. ఆయన కొడుకు అక్బర్, ఇరవై ఏళ్ల కుర్రవాడు, వాళ్లతో మొదట వేయించిన పెద్ద పని అమీర్ హమ్జా సాహసాల కథ. రాక్షసులు, కోటలు, గూఢచారులు, కడలిలో పోరాటాలు. పదిహేనేళ్లు పట్టింది. 1,400 బొమ్మలు. ఒక్కోటీ రెండడుగులకు పైగా ఎత్తు. వేసింది గుడ్డ మీద. నూలు గుడ్డ! వెనక వైపు కాగితం మీద కథ. అక్బర్‌కు చదవడం రాదని చరిత్రకారులు అంటారు. బొమ్మను ఎత్తి పట్టుకుంటే, ఒకడు గొంతెత్తి చదివితే, కొలువంతా చూస్తూ వినేదని ఊహిస్తారు. తెర, కథ చెప్పే మనిషి, చుట్టూ జనం. ఢిల్లీకీ ఆగ్రాకూ కాళహస్తికీ మధ్య నేను గీసుకున్న గీత అక్కడ చెరిగిపోయింది. వయసులో ఉన్న చక్రవర్తికి కూడా నలుగురి మధ్య కూర్చుని చూసేదే నచ్చింది. ఒంటరిగా చూసే బుద్ధి తర్వాత వచ్చింది, పుస్తకాలు చిన్నవయ్యాయి, కొడుకు కాలానికి ఒక్క పువ్వు, ఒక్క పిట్ట, ఒక్క చావుబతుకుల్లో ఉన్న మనిషి, ఇంతే పుటగా మిగిలాయి.

ఆ 1,400లో ఇవాళ దొరుకుతున్నవి రెండు వందలు కూడా లేవు. 1881లో ఒక ఇంగ్లీషు దొర శ్రీనగర్లో వింత వస్తువుల అంగడికి పోతే, కిటికీలకు చలిగాలి రాకుండా అడ్డం పెట్టిన గుడ్డలు హమ్జానామా పుటలట. గుడ్డ మీద వేస్తే వచ్చే బాధ ఇదే. కాగితమైతే పుస్తకంలో దాక్కుంటుంది. గుడ్డను చూసిన ప్రతివాడికీ దాంతో ఏదో ఒక పని గుర్తొస్తుంది.

కొలువుకూ మా సీమకూ మధ్య దారి ఏదైనా ఉంటే అది గోల్కొండ మీదుగా పోతుంది. ఇబ్రహీం కుతుబ్‌షా గద్దె ఎక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు రుచి మరిగాడు. కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. 1565లో ఆ విజయనగరం మీదికే మిగతా సుల్తానులతో కలిసి పోయాడు. ఆ దెబ్బకు రాజధాని పెనుకొండకు, తర్వాత మా చంద్రగిరికి జరిగింది. ఆయన కొడుకు మహమ్మద్ కులీ హైదరాబాదు కట్టించాడు, కవిత్వం రాశాడు. బొమ్మలతో ఉన్న ఆ కవితల పుస్తకం ఒకటి సాలార్‌జంగ్‌లోనే ఉంది. 1646లో చంద్రగిరి కోట కూడా గోల్కొండ చేతికి పోయింది.

ఆ నడుమ కాలంలోనే గోల్కొండ సీమలో వేసిన రుమాళ్లున్నాయి. రుమాలంటే ముక్కు తుడుచుకునేది కాదు, కానుకల మీద కప్పే చదరపు గుడ్డ. కలంతో వేసి, పటికతో, చెవిరివేరుతో, నీలితో రంగు కట్టినవి. బొమ్మలు మాత్రం దర్బారు పుస్తకాల్లోవి. పాగా చుట్టిన షోకిలాలు, మద్యం గిన్నెలు, వేట, చెట్టుకింద ఆడవాళ్లు, టోపీ పెట్టిన పరంగివాళ్లు. జానెడు బొమ్మలో నుంచి మనుషులు లేచి వచ్చి గుడ్డ మీద కూర్చున్నట్టు ఉంటుంది. అట్లాంటివి ఇప్పుడు న్యూయార్కులో మెట్రొపాలిటన్ మ్యూజియంలో, లండన్లో విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. దక్కను నుంచి పోయిన ఇట్లాంటి గుడ్డలు ఎన్నో రాజపుతానాలో అంబర్ రాజుల తోషాఖానాలో చాలాకాలం మడతల్లో ఉన్నాయి. అవి ఏ నాటివో తేల్చడానికి పండితులకు సాయపడింది ఏమిటో తెలుసా? గుడ్డ వెనక తోషాఖానా గుమస్తాలు రాసిన తేదీలూ, కట్టిన విలువలూ. మళ్లీ మావాళ్లే!

కాళహస్తి దామెర్లవారి మాట కూడా ఇక్కడ చెప్పాలి. 1639లో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే వచ్చి కోట కట్టుకోవడానికి సముద్రం ఒడ్డున జాగా అడిగితే ఇచ్చింది దామెర్ల వెంకటప్ప నాయకుడు, చంద్రగిరి రాజుకు లోబడినవాడు. అదే మద్రాసు. అంత ఎండలో ఆ ఇసుక దిబ్బ కోసం కంపెనీ ఎందుకు పాకులాడిందంటే, చుట్టుపక్కల నూలు గుడ్డ, రంగు గుడ్డ చవకగా దొరుకుతుందని. పాఠ్యపుస్తకంలో మద్రాసు కథ చదివిన రోజుల్లో నాకెవరూ దీని వెనక కరక్కాయ వాసన ఉందని చెప్పలేదు.

తిరుగు బస్సులో స్వర్ణముఖి దాటేటప్పుడు కిందికి చూశాను. చంద్రగిరి పక్క నుంచి, తిరుచానూరు పక్క నుంచి వచ్చే ఏరే ఇది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. పారే నీళ్లలో ఉతికితేనే గుడ్డలో అక్కర్లేని రంగు, అక్కర్లేని పటిక కొట్టుకుపోతాయి, నిలిచిన నీళ్లలో అయితే మళ్లీ గుడ్డకే పట్టుకుంటాయి. "బోరు నీళ్లతో ఉతుకుతా వుండాం అన్నా, అదే ఎరుపు రమ్మంటే యాడ వస్తాది" అంది పెద్దామె. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక మా ఇంటామె పాత చీర ఒకటి తీసి నా ముందు పడేసింది. నాలుగేళ్ల కిందట ఒక పెద్ద అంగట్లో అసలైన కలంకారీ అని నేను కొనిచ్చింది. మొదటి ఉతుకులోనే కృష్ణుడి నీలం కారి గోపికలందరికీ అంటుకుంది. మిషను మీద అద్దిన గుడ్డ అది. కొనేటప్పుడు దగ్గరగా చూడలేదు, వాసన చూడలేదు, వెనక తిప్పి చూడలేదు. పదడుగుల దూరం నుంచి దీపాల వెలుతురులో చూసి, బాగుందని డబ్బులిచ్చి వచ్చాను. "అప్పుడు మీ కళ్లు రెండూ బాగానే ఉన్నాయి కదా" అంది.

మనవడు నా చేతిలో ఫోను లాక్కుని, నేను ఆ వసారాలో తీసిన ఫొటోలు చూశాడు. రెండు వేళ్లతో గుడ్డను లాగి పెద్దది చేశాడు, కన్ను దాకా, కనుపాప దాకా. ఆరడుగుల రాముడు వాడి అరచేతిలో ఉన్నాడు. నేను చూద్దామని వంగితే తలలు తగిలాయి. "తాతా, లైటుకు అడ్డం రాకు" అన్నాడు. మ్యూజియంలో కాపలా మనిషి గుర్తొచ్చాడు. జహంగీరు లాంటి చూపు ఇప్పుడు పదేళ్ల పిల్లలందరికీ ఉంది. అంతసేపు ఒకేదాన్ని చూసే ఓపిక మాత్రం వేలితో పక్కకు నెట్టగానే పోతోంది. ఇందులో వాణ్ణి తిట్టేందుకు ఏమీ లేదు. నేను ఆ వయసులో గోళీలు తప్ప ఏదీ అంత దగ్గరగా చూడలేదు.

కాళహస్తిలో తిన్నడి కథ వేసిన గుడ్డ ఒకటి ఆ పెద్దామె ఇంట్లో గోడకుంది. ఆమె వేసింది కాదు, ఆమెకు నేర్పినాయన వేసింది. లింగం కంట నెత్తురు కారితే తిన్నడు తన కన్ను ఒకటి పెరికి పెట్టాడు. రెండోదాంట్లో కూడా కారింది. రెండోది కూడా పెరికేస్తే ఇక ఎక్కడ పెట్టాలో కనపడదు కదా, అందుకని ముందే కాలు ఎత్తి లింగం కన్నున్న చోట బొటనవేలు ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. తెలుగువాళ్లందరికీ తెలిసిన కథే. ఆ గుడ్డ మీద మాత్రం నేను ఎప్పుడూ చూడని ఒక సంగతి చూశాను. బొమ్మ వేసినాయన తిన్నడి మిగిలిన కన్నును వాడి కాలి వైపు తిప్పి వేశాడు. శివుడి వైపు కాదు. దగ్గరగా వంగితే తప్ప కనపడదు ఇది. వాకిట్లో నుంచి చూస్తే కాలు ఎత్తిన వేటగాడు కనబడతాడంతే. వెయ్యి మంది కోసం వేసిన గుడ్డలో, ఎవడో ఒకడు దగ్గరికి రాకపోతాడా అని ఆయన ఆవగింజంత కనుపాప దాచిపెట్టాడు.

ఏడో రోజు పొద్దున ఆసుపత్రికి పోయి, "దగ్గరికే పెట్టండి తల్లీ" అన్నాను. డాక్టరమ్మ ఎందుకని అడగలేదు, కాగితంలో రాసుకుంది.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద మాలాంటివాళ్లం ఆరుగురం ఆకుపచ్చ గౌన్లలో కూర్చున్నాం. ఎవరిది ఏ కన్నో కలగలిసిపోకూడదని నర్సమ్మ ఒక్కొక్కరి దగ్గరికే వచ్చి, కాగితం చూసుకుని, పేరడిగి, ఏ కన్నని అడిగి, ఆ వైపు కనుబొమ్మ పైన గుర్తు పెడుతోంది. నా వంతు వచ్చింది. గడ్డం పట్టుకుని నా ముఖం వెలుతురు వైపు తిప్పి, జేబులో నుంచి నల్ల కలం తీసింది.

"కదలొద్దు సామీ, గీత వంకర పోతాది."